హన్మకొండలో ఎటికెట్ క్లాసు: 4,500కి ఏం వస్తుంది, ఏం రాదు

నక్కలగుట్ట, సుబేదారి, నయీంనగర్ రోడ్ల మీద నీట్, గ్రూప్స్, బ్యాంక్ కోచింగ్ బోర్డుల మధ్య ఈమధ్య ఇంకో రకం బోర్డు మొలుస్తోంది: ‘బిజినెస్ ఎటికెట్, ఫైన్ డైనింగ్, గ్రూమింగ్’. అంటే ఆఫీసు మర్యాదలు, కత్తి, ఫోర్కుతో తినే పద్ధతి, వేషం తీర్చుకోవడం. క్యాంపస్ సెలక్షన్లకు తయారయ్యే పిల్లలు, ఎమ్మెస్‌కు అమెరికా పోబోతున్నవాళ్లు, మడికొండ ఐటీ పార్కులో కొత్తగా చేరినవాళ్లు, విదేశీ ఆస్పత్రుల్లో ఉద్యోగానికి చూస్తున్న నర్సులు చేరుతున్నారు. అలాంటి ఒక సంస్థ నడిపే ఆరు క్లాసుల కోర్సు మీద ఈ సమీక్ష. పేరుతో పని లేదు. ఇక్కడ రాసిన మంచీచెడూ ఏ క్లాసుకు డబ్బు కట్టబోయేవాళ్లయినా ముందే అడిగి చూసుకోదగ్గవే.

ఫీజు 4,500. శని, ఆదివారాల్లో రెండేసి గంటలు, మూడు వారాలు. బ్యాచుకు 20 మంది. ఆఖరి క్లాసు హోటల్లో డిన్నర్, దానికి తలా 900 వేరే. ఈ 900 సంగతి చేరేటప్పుడు ఎవరూ ఎత్తరు, మూడో క్లాసులో తాపీగా చెబుతారు. కాబట్టి అసలు లెక్క 5,400 అనుకునే చేరాలి.

టేబుల్ క్లాసు బాగుంది. ఆహ్వానాలు, ఈమెయిళ్లు ఫర్వాలేదు. పలకరింపుల క్లాసు సగమే. గ్రూమింగ్ దండగ. వీటన్నింటి కంటే పెద్ద లోపం ఇంకొకటుంది. ఏ నియమం ఏ దేశానిదో, ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ నవ్వులపాలవుతుందో చెప్పకుండా అంతా ఒకే మూట కట్టి ‘ఇదే ఎటికెట్’ అని చేతిలో పెడతారు.

ముందు టేబుల్ సంగతి. రెండో క్లాసులో ప్రతి ఇద్దరికీ ఒక పూర్తి సెట్టింగ్ పరుస్తారు. ప్లేటుకు ఎడమన ఫోర్కులు, కుడిన కత్తులు, కత్తి పదును ప్లేటువైపు, కత్తులకు ఇంకా కుడిన సూపు చెంచా. ప్లేటు పైన అడ్డంగా డెజర్ట్ చెంచా, ఫోర్కు. ఎడమన పైకి బ్రెడ్ ప్లేటు, కుడిన పైకి నీళ్ల గ్లాసు. బయటివైపు ఉన్నవాటితో మొదలుపెట్టి లోపలికి రావాలన్న సూత్రాన్ని మాటల్లో చెప్పి వదిలేయరు. సూపు ప్లేటుతోపాటు సూపు చెంచా వెళ్లిపోవడం, తర్వాతి వంటకానికి తర్వాతి జత మిగలడం చేసి చూపిస్తారు. అందుకే అది ఒక్కసారికే బుర్రకెక్కుతుంది. ఎన్ని జతలున్నాయో లెక్కపెడితే ఎన్ని వంటకాలు రాబోతున్నాయో తెలిసిపోతుంది, సూపు దగ్గరే కడుపు నింపుకోకుండా ఉండొచ్చు.

గుండ్రటి టేబుల్ దగ్గర పక్కవాడి బ్రెడ్డు తినేయడం, పక్కవాడి నీళ్లు తాగేయడం అందరూ చేసే పొరపాటు. దానికి ఇక్కడ నేర్పే కిటుకు మంచిది. రెండు చేతుల బొటనవేళ్లనూ చూపుడువేళ్లనూ సున్నాలా కలిపి మిగతా వేళ్లు నిలబెడితే ఎడమ చేయి ఇంగ్లీషు చిన్న ‘బి’లా, కుడి చేయి చిన్న ‘డి’లా కనిపిస్తాయి. బ్రెడ్ ఎడమన, డ్రింక్ కుడిన. టేబుల్ కింద ఎవరికీ కనబడకుండా చూసుకోవచ్చు.

కత్తి పట్టే పద్ధతి దగ్గర మాత్రం సగం మందికి వంకర అలవాటే పడుతోంది. చూపుడువేలు పిడి మీద నిటారుగా, పదును మొదలయ్యే చోటు దాకా ఆనాలి, పదును మీదికి పోకూడదు. పిడి చివర అరచేతిలోకి దిగాలి. పెన్ను పట్టినట్టు పడితే బలం మణికట్టులోంచి రాదు, ముక్క తెగదు. అప్పుడు మనిషి కత్తిని రంపంలా ముందుకూ వెనక్కూ లాగుతాడు, ముక్క జారి పక్కవాడి ఒళ్లో పడుతుంది. ఫోర్కును ముళ్లు కిందికి తిప్పి ముక్కలో గట్టిగా దించి, దానికి ఆనుకునే కత్తి వేయాలి. ఫోర్కుకూ కత్తికీ మధ్య రెండు అంగుళాల ఎడం ఉన్నా ముక్క తిరిగిపోతుంది. ఒకసారికి ఒకటి రెండు ముక్కలే కోసుకోవాలి. చిన్నపిల్లలకు చేసినట్టు ప్లేటంతా ముందే ముక్కలు చేసిపెట్టుకోకూడదు.

ఈ సాధనకు వాళ్లిచ్చేది ఏమిటంటే, బ్రెడ్ టోస్టు! ఇది విడ్డూరం. ఈ పద్ధతిలో కత్తితో అసలు కోయనిదే బ్రెడ్డు. చేత్తో ఒక ముక్క తుంచుకుని, ఆ తుంచిన ముక్కకే వెన్న రాసుకుని తినాలి. ఒక క్లాసులో ఆ నియమం చెప్పి, అదే క్లాసులో అదే బ్రెడ్డును కోయిస్తే చేతికి ఏది అలవాటవుతుంది? ఇంట్లో చేసుకోవాలంటే మొదట ఇడ్లీతో మొదలుపెట్టొచ్చు, ఫోర్కు నిలిచే లోతు తెలుస్తుంది. తర్వాత సగం ఉడికిన క్యారెట్, బీట్‌రూట్. ఆ తర్వాతే ఎముక లేని చికెన్. ఎముకతో కుస్తీ ఆఖరుకు. కత్తికి రంపపు పళ్లుంటేనే కొనండి. క్లాసులో ఇచ్చే పల్చటి స్టీలు ఫోర్కులు చికెన్ మీద ఒత్తగానే వంగుతున్నాయి. వంగిన ఫోర్కు చూసి పిల్లలు తమ చేతిదే తప్పనుకుంటున్నారు. తప్పు ఫోర్కుదే.

మధ్యలో ఆగితే కత్తి, ఫోర్కు ప్లేటు మీద తలకిందుల ‘వి’లా పెట్టాలని, తినడం అయిపోతే పక్కపక్కన జతగా పెట్టాలని నేర్పుతారు. సరైనదే. జతగా పెట్టేటప్పుడు పిడులు గడియారంలో నాలుగు గంటల వైపు ఉండాలని ఇక్కడ పట్టుబడతారు. అది అమెరికా అలవాటు. ఇంగ్లండులో ఆరున్నర వైపు నిటారుగా పెడతారు. రెంటిలో ఏది చేసినా వెయిటరుకు అర్థమవుతుంది. అడ్డంగా ఇంటూ గుర్తులా మాత్రం పెట్టొద్దు. ఇంకో సంగతి వాళ్లు చెప్పరు. మన ఊళ్లో చాలా హోటళ్లలో సర్వర్లకు ఈ సైగలు తెలియవు. ‘వి’ పెట్టి చేయి కడుక్కోవడానికి లేచి వచ్చేసరికి ప్లేటు మాయమైపోతుంది. “ఇంకా తింటున్న, తీయకు తమ్మీ” అని నోటితో చెప్పి వెళ్లడమే క్షేమం.

నాప్‌కిన్ ఒళ్లో సగానికి మడిచి, మడత తనవైపు ఉండేలా పరచాలి. అంచు ఎత్తి మడత లోపలివైపుతో మూతి తుడుచుకుంటే మరక బట్టలకు అంటదు, బయటికి కనబడదు. మెడలో దోపుకోవడం, ప్లేటు తుడవడం, చెమట ఒత్తుకోవడం వద్దు. ఇవన్నీ చక్కగా చేయించారు. సూపును చెంచాతో తనకు అవతలివైపుగా తీసి, చెంచా అంచు నుంచి చప్పుడు లేకుండా తాగడమూ చేయించారు. అవతలివైపే ఎందుకంటే, చెంచా అడుగున వేలాడే చుక్క బౌలులోనే రాలిపోతుంది, చొక్కా మీదకు రాదు. కారణంతో చెప్పిన నియమం ఎవరూ మరిచిపోలేదు. కారణం చెప్పనివి వారానికే గాలికి పోయాయి.

ఇక అసలు పేచీకి వద్దాం. కత్తితో కోసి, ఫోర్కు ఎడమ చేతిలోనే ఉంచి తినడం ఒక్కటే సరైనదని, కుడి చేతికి మార్చుకుంటే తప్పని ట్రైనర్ గట్టిగా చెప్పారు. ఎడమ చేతిలో ఉంచడం యూరప్ పద్ధతి. అమెరికాలో ముక్క కోశాక కత్తి ప్లేటు అంచున పెట్టి, ఫోర్కు కుడి చేతిలోకి మార్చుకుని తినడం తరతరాల అలవాటు. బ్యాచులో అమెరికా పోయే పిల్లలే ఎక్కువ. వీళ్లు అక్కడ ప్రొఫెసరు ఇంట్లో ఆయన చేతులు మార్చుకోవడం చూసి ‘పాపం, ఈయనకు రాదు’ అనుకుంటే ఏం బాగుంటుంది? అలాగే తినని చేతిని ఒళ్లో పెట్టుకోవాలన్నారు. ఇంగ్లండులో సరే. ఫ్రాన్సులో చేతులు టేబుల్ కింద దాచడమే మోటు, మణికట్లు టేబుల్ అంచున కనబడాలి. ఫోర్కు పరిచే తీరు కూడా అంతే. ఇంగ్లండులో ముళ్లు పైకి, ఫ్రాన్సులో సంప్రదాయంగా ముళ్లు కిందికి, ఎందుకంటే అక్కడ వెండి ఫోర్కుల వీపు మీద వంశ చిహ్నం చెక్కేవారు, అది కనబడాలి. ఇలాంటి నాలుగు ముక్కలు చెప్పడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు మిగుల్చుకుని ఏం చేశారంటే, టై ముడులు.

మొదటి క్లాసులో ఫ్రాన్సులోని వెర్సాయ్ రాజభవనం బొమ్మ చూపించి ఎటికెట్ పుట్టిల్లు అదేనన్నారు. రాజు 14వ లూయీ తన దర్బారునూ ప్రభుత్వాన్నీ అక్కడికి తరలించింది 1682లో. మర్యాదల పట్టింపు అక్కడ ఎంత ముదిరిందంటే, రాణి ఎదుట కూర్చోవడానికి చిన్న పీట లాంటి ఆసనం డచెస్ లాంటి పెద్ద హోదా ఉన్నవాళ్లకే, మిగతా ఆడవాళ్లు నిలబడాల్సిందే. ఆ పీట కోసం కుటుంబాలు కొట్టుకున్నాయి. ఈ సంగతి చెబితే మన పిల్లలకు ఇట్టే అందుతుంది. వియ్యాలవారు రాగానే ఏ కుర్చీ ఎవరికి వేయాలో, అల్లుడు నిలబడి ఉండగా ఎవరు కూర్చోకూడదో వీళ్లకు చిన్నప్పటి నుంచీ తెలుసు. హోదా లెక్క చూసుకునే బుద్ధి కొత్తగా నేర్పక్కర్లేదు, ఆఫీసులో ఆ లెక్క ఎవరితో మొదలవుతుందో చెబితే చాలు. అది చెప్పకుండా బొమ్మ చూపించి స్లైడు మార్చేశారు.

అదే వెర్సాయ్‌లో 14వ లూయీ స్వయంగా చేత్తోనే తినేవాడు. ఫోర్కులు లేక కాదు, ఆయనకు అవి నచ్చక. ఇది ఎందుకు ఎత్తాల్సి వచ్చిందంటే, రెండో క్లాసులో ‘చేత్తో తినడం ఎటికెట్ కాదు’ అన్నమాట వినిపించింది. పరకాల నుంచో ములుగు నుంచో వచ్చి, మొదటిసారి ఫోర్కు పట్టిన పిల్ల ముఖం అక్కడితో చిన్నబోతుంది. కత్తి, ఫోర్కు పరిచిన టేబుల్ దగ్గర వాటితో తినడం పద్ధతి. బగారా అన్నం, మటన్ వడ్డించిన దావత్‌లో చేత్తో తినడం పద్ధతి. దావత్‌లో అన్నాన్ని ఫోర్కుతో పొడుస్తూ కూర్చుంటే పిలిచినవాళ్లే నొచ్చుకుంటారు.

ఫోర్కుతో అన్నం తినాల్సి వస్తే ఎలాగో కూడా ఈ కోర్సులో లేదు. కంపెనీ లంచుల్లో మనవాళ్లకు మొదట ఎదురయ్యేది బిర్యానీయే. ఫోర్కు ఒక్కదానితో మెతుకులు నిలవవు. థాయిలాండు పద్ధతి హాయి: కుడి చేతిలో చెంచా, ఎడమ చేతిలో ఫోర్కు, ఫోర్కు వీపుతో అన్నాన్ని చెంచాలోకి నెట్టి, నోట్లోకి చెంచానే పెట్టుకోవాలి. చికెన్ ముక్కను చెంచా అంచుతో ఒత్తి విడదీయొచ్చు. ఎముక వస్తే నోట్లోంచి ఫోర్కు మీదకు దింపి ప్లేటు అంచున పెట్టాలి. మటన్ నల్లిబొక్క దగ్గర మాత్రం ఏ ఫోర్కూ పనిచేయదు. టేబుల్‌కు పెద్ద ఎవరో చూడండి, ఆయన చేత్తో అందుకుంటే మీరూ అందుకోండి. ఆయన వదిలేస్తే వదిలేయండి. బాధే, కానీ తప్పదు.

కోర్సులో పూర్తిగా లేనిది బఫే. మన పిల్లలు జీవితంలో వంద బఫేల్లో తింటే ఒక్కచోట ఏడు జతల కత్తులు చూస్తారేమో. మన ఫంక్షన్ హాళ్లలో గొడవంతా ఇక్కడే. వరస ఒకవైపు నుంచే కదలాలి, మధ్యలో దూరి ఒక్క పెరుగే వేసుకుని పోతానంటే కుదరదు. వెజ్ గిన్నెలోకి నాన్‌వెజ్ గరిటె వెళ్లకూడదు. హడావుడిలో జరిగే ఈ ఒక్క తప్పుకు శాకాహారులు తినకుండా లేచిపోతారు. రెండోసారి వెళ్లేటప్పుడు కొత్త ప్లేటు తీసుకోవడం హోటల్ పద్ధతి. మన హాళ్లలో ప్లేట్లు లెక్కపెట్టి ఇస్తారు కాబట్టి క్యాటరింగ్ పిల్లలు గుర్రుగా చూస్తారు. అక్కడ పాత ప్లేటే నడుస్తుంది, గరిటె ప్లేటుకు తగలకుండా ఎత్తి వేసుకుంటే చాలు.

అన్నిటికన్నా చిక్కు ఎంగిలి చేయి. నిలబడి తినే బఫేలో ఎడమ చేతిలో ప్లేటు, కుడి చేయి ఎంగిలి. ఇంకొంచెం కూర కావాలంటే గరిటె ఏ చేత్తో పట్టాలి? ఎంగిలి చేత్తో పడితే గరిటె జిడ్డు, వెనకవాడికి రోత. ఎడమ చేత్తో వడ్డించుకోవడం తప్పు కాదు. ఇంటి బంతిలో మన అమ్మలు చెప్పేదీ అదే: తినే చేత్తో గరిటె ముట్టకు, ఎడమ చేత్తో తీసుకో. డబ్బు, బొట్టు, తాంబూలం, ప్రసాదం ఇచ్చిపుచ్చుకునేటప్పుడే ఎడమ చేయి తప్పు. రెండింటికీ తేడా తెలియనివాళ్లు మొహమాటపడి ఎంగిలి చేత్తోనే గరిటె పట్టేస్తారు. ప్లేటును కుడి మణికట్టు మీద ఆనించి ఎడమ చేత్తో గరిటె పట్టడం సాధన ఉన్నవాళ్లకే కుదురుతుంది. అలవాటు లేనివాళ్లు వడ్డించేవాళ్లను అడగడం మేలు, గిన్నెల వెనక వాళ్లు నిలబడేదే అందుకు. రెండు గంటల టేబుల్ క్లాసులో ఇరవై నిమిషాలు ఇందుకు కేటాయిస్తే ఊరికి ఉపకారం.

బంతి భోజనం గురించి కూడా ఒక్క మాట లేదు. మోదుగాకు విస్తరి అయినా కాగితం ప్లేటు అయినా పక్కవాళ్లు తింటుండగా లేవకూడదని, లేవాల్సి వస్తే చెప్పి లేవాలని వీళ్లకు తెలుసు అనుకోవడానికి లేదు. హాస్టళ్లలో పెరిగిన తరం ఇది.

మూడో క్లాసు పలకరింపులు, పరిచయాలు. షేక్‌హ్యాండ్ బాగానే నేర్పారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుంట ఎదుటివారి గుంటకు తగిలేదాకా చేయి వెళ్లాలి, రెండు మూడు ఊపులు, వదిలేయాలి. వేళ్ల కొసలే అందడానికి కారణం చేయి తొందరగా మూసుకోవడం. చేతిలో కూల్‌డ్రింక్ ఉంటే ఎడమ చేతికి మార్చుకోవాలి, లేదంటే కుడి చేయి చల్లగా, తడిగా తగులుతుంది. పరిచయం చేసేటప్పుడు పెద్ద హోదా ఉన్నవారిని ముందు పిలవాలి, చిన్నవారిని వారికి పరిచయం చేయాలి. “సార్, ఈ అమ్మాయి మన టీమ్‌లో కొత్తగా చేరింది” సరైన వరస. “అమ్మా, ఈయన మన డైరెక్టర్” అంటే తలకిందులైనట్టు. దీన్ని అందరితో నాలుగు సార్లు అనిపించారు, మంచి పని.

కానీ అమ్మాయిలకు షేక్‌హ్యాండ్ ఇవ్వడం తప్పనిసరి అన్నట్టు మాట్లాడటం సరికాదు. ఆమె చేయి చాపితే ఇవ్వాలి, చాపకపోతే నమస్తే. నగరంలో పెద్ద ముస్లిం కుటుంబాలున్నాయి, అక్కడ ఆడవాళ్లకు చేయి చాపితే ఇద్దరికీ ఇబ్బందే, సలాం చాలు. పల్లె నుంచి ఆఫీసుకొచ్చిన పెద్దమనిషి “శనార్తి సార్” అంటే కుర్చీలోంచే చేయి చాపడం కాదు, లేచి తిరిగి శనార్తి చెప్పాలి. బ్యాంకుల్లో, ఆస్పత్రుల్లో, రెవెన్యూ ఆఫీసుల్లో పనిచేయబోయే పిల్లలకు రోజూ తారసపడేది ఈ పెద్దమనిషే, డైరెక్టర్ కాదు. నువ్వు, మీరు ఎక్కడ వాడాలో కూడా చెప్పలేదు. కౌంటర్ దగ్గర వయసు మళ్లినామెను ‘నువ్వు’ అని, సూటు వేసినాయనను ‘మీరు’ అని పిలిచేవాళ్లకు షేక్‌హ్యాండ్ ఎంత బాగా వస్తే ఏం లాభం?

నాలుగో క్లాసు ఆహ్వానాలు, ఈమెయిళ్లు. కోర్సులో ఎక్కువ పనికొచ్చేది ఇదేనని చెప్పాలి. ఆహ్వానం కింద ‘ఆర్ఎస్‌వీపీ’ అని ఉంటే దయచేసి జవాబివ్వండి అని. ఫ్రెంచి మాటల పొడి అక్షరాలవి. వస్తున్నా రాకపోయినా, గడువు తేదీ లోపు చెప్పాలి. ‘రిగ్రెట్స్ ఓన్లీ’ అని ఉంటే రానివాళ్లు మాత్రమే చెబితే చాలు. ఇక్కడ మనవాళ్లు తప్పడానికి గట్టి కారణం ఉంది. మన దగ్గర ఇంటికొచ్చి బొట్టుపెట్టి పిలుస్తారు. గడపలో నిలబడి పిలిచినవాళ్లతో ‘రాము’ అనడం మనకు మొరటు, అందుకే “తప్పకుండా వస్తం” అనేస్తాం. పిలిచినవాళ్లకూ తెలుసు, ఆ మాటను లెక్కలోకి తీసుకోకుండానే వంటలు చెప్పుకుంటారు. విదేశంలో అదే మాట అంటే మీ పేరుతో కుర్చీ వేసి, మీ ప్లేటుకు లెక్కకట్టి వండుతారు. వస్తానని పోకపోవడం అక్కడ పెద్ద తప్పు, రానని ముందే చెప్పడం తప్పే కాదు. తినని పదార్థాలు కూడా ఈ జవాబులోనే చెప్పేయాలి. బీఫ్, పంది మాంసం, గుడ్డు తింటారో లేదో విడివిడిగా రాయాలి. ‘వెజిటేరియన్’ అని ఊరుకుంటే గుడ్డు వేసిన కేకు ముందుకొస్తుంది.

కానుకల మాటా ఇక్కడే కలిపి చెప్పి ఉంటే బాగుండేది. మన పెళ్లిలో పుస్తకం పట్టుకుని కూర్చున్నాయన దగ్గర 116 చదివించి పేరు రాయిస్తాం, పెట్టెలో ఏముందో ఎవరూ అక్కడ విప్పరు. అమెరికాలో ఇంటికి తీసుకెళ్లిన చిన్న కానుకను మీ ముందే విప్పి మెచ్చుకోవచ్చు, కంగారు పడొద్దు.

ఈమెయిల్ భాగంలో ‘టూ’, ‘సీసీ’, ‘బీసీసీ’ తేడా కంప్యూటర్ మీదే చేయించారు. 60 మంది చిరునామాలు ‘టూ’లో పెట్టి పంపితే అందరి అడ్రసులూ అందరికీ తెలిసిపోతాయి, ఒకడు ‘రిప్లై ఆల్’ నొక్కితే 60 పెట్టెలు నిండుతాయి. ‘బీసీసీ’లో పెడితే ఆ తంటా లేదు. మన ఇంటిపేరు చిక్కును మాత్రం ముట్టుకోలేదు. మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. అక్కడ పేరు ముందు, ఇంటిపేరు వెనక. ప్రొఫెసరుకు రాసేటప్పుడు ‘డియర్ ప్రొఫెసర్’ తర్వాత ఆయన ఇంటిపేరు, అంటే చివరి మాట, రాయాలి. మెయిల్ చివర సంతకంలో, మనల్ని పిలవాల్సిన పేరేదో తెలిసేలా దాన్ని మొదట పెట్టాలి. లేదంటే ఏడాదంతా వాళ్లు మనల్ని ఊరి పేరుతోనో తాత పేరుతోనో పిలుస్తుంటారు. ‘రెస్పెక్టెడ్ సర్’ మన దేశం దాటితే వింతగా ఉంటుందని వాళ్లు చెప్పింది నిజమే.

అయిదో క్లాసు గ్రూమింగ్. టై కొస బెల్టు బకిల్‌కు తగలాలి, కోటు కింది గుండీ పెట్టకూడదు, గోళ్లు కత్తిరించుకోవాలి. ఇవి చాలు, పావుగంట పని. మిగతా గంటా ముప్పావు యాస మార్చుకోండంటూ గడిచింది. ఎటికెట్‌కూ యాసకూ ఏ సంబంధమూ లేదు. మన ఇంగ్లీషు అర్థం కాకపోవడానికి చాలాసార్లు కారణం యాస కాదు, వేగం. ట్రైనర్ క్లాసంతా ఇంగ్లీషులోనే నడుపుతారు, తెలుగు మీడియం పిల్లలు తలూపుతారు. విరామంలో అడిగితే చక్కటి తెలుగులో విప్పి చెబుతారు. ఆ విరామం పది నిమిషాలే.

ఆఖరు డిన్నర్. టమాటా సూపు, బ్రెడ్ రోల్, రోస్ట్ చికెన్ లేదా వెజ్ బేక్, క్యారమెల్ కస్టర్డ్. 900కి తిండి ఫర్వాలేదు. కానీ వంటకాలు ఒకదాని తర్వాత ఒకటి రావాల్సింది, సూపు తాగుతుండగానే చికెన్ వచ్చేసింది. బయటి నుంచి లోపలికి అన్న పాఠమంతా అక్కడే తలకిందులు. నాప్‌కిన్లు కాగితానివి, ఒళ్లో నిలవవు. ఫింగర్ బౌల్ నిమ్మచెక్కతో వచ్చింది, ఒక్కో చేతి వేళ్ల కొసలు ముంచి నాప్‌కిన్‌కు తుడుచుకోవాలి. నిమ్మకాయ పిండి అరచేతులు రుద్దుకోవడం చేత్తో తిన్నప్పటి సంగతి.

బిల్లు దగ్గర సర్వీస్ చార్జీ కట్టడం మర్యాద అని చెప్పారు. ఇది సరిదిద్దాలి. సర్వీస్ చార్జీని హోటల్ తనంతట తానే బిల్లులో కలిపేయకూడదని, కట్టడం కస్టమరు ఇష్టమేనని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. వద్దనుకుంటే నెమ్మదిగా “ఇది తీసేయండి” అనడంలో అమర్యాద ఏమీ లేదు. సర్వర్ బాగా చూసుకుంటే టిప్పు ఆయన చేతికే, కుడి చేత్తో ఇవ్వండి.

చేరాలా అంటే, మూడు నాలుగు నెలల్లో విదేశం పోయేవాళ్లు, ఫోర్కు ఎన్నడూ పట్టనివాళ్లు చేరొచ్చు. ఇక్కడే ఉద్యోగం చూసుకునేవాళ్లకు రెండో క్లాసు, నాలుగో క్లాసు విడిగా తీసుకోనిస్తారేమో అడగండి. అడిగితే 2,000కి ఒప్పుకుంటున్నారు, బోర్డు మీద మాత్రం రాయరు. డబ్బు కట్టకముందు ఎంతమందికి ఒక సెట్టింగో, కత్తి సాధన దేని మీదో, డిన్నర్ ఖర్చు కలిసి ఉందో లేదో కనుక్కోండి. డిన్నర్ తేదీ ముహూర్తాలున్న రోజున పడకుండా చూసుకోండి. ఆ రాత్రుల్లో హోటల్ వెయిటర్లలో సగం మంది పెళ్లి క్యాటరింగులకు పోతారు, మిగిలిన ఇద్దరు ముగ్గురు అన్ని ప్లేట్లూ ఒకేసారి తెచ్చి పెట్టేసి వెళ్లిపోతారు.